కొత్త ఉప్పునీటి ట్యాంకులో నైట్రేట్ ఎందుకు దిగడం లేదు?

ఉప్పునీటి అక్వేరియం కొత్తగా పెట్టినవాళ్లు షాపుకెళ్లి "నైట్రేట్ ఎక్కువుందండీ" అనగానే కౌంటర్ మీదకి నైట్రేట్ తగ్గించే మందు సీసా ఒకటి వస్తుంది. అది కొనేముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. నీళ్లు పరీక్షించే టెస్ట్ కిట్ చూపిస్తున్న అంకె నిజమేనా? నిజమే అయితే ఆ నైట్రేట్ ట్యాంకులో తయారవుతోందా, లేక నీళ్లతో పాటు మనమే తెచ్చి పోస్తున్నామా? హైదరాబాద్‌లో బోరు నీళ్ల మీద ఆధారపడే ఇళ్లలో అయితే ముందు అనుమానించాల్సింది నీళ్లనే.

అసలు కథ క్లుప్తంగా ఇది. చేపల విసర్జన, మిగిలిపోయిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త ట్యాంకులో బండి అక్కడే ఆగిపోతుంది. రాళ్ల లోపలి రంధ్రాల్లో, ఆక్సిజన్ అందని చోట, నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చేసే బ్యాక్టీరియా కూడా ఉంటుంది కానీ అది కుదురుకోవడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా తీసేసే పని మనదే.

ఎంత ఉంటే ఫర్వాలేదు? పగడాల దిబ్బల దగ్గర సముద్రపు నీళ్లలో నైట్రేట్ 1 పీపీఎం (లీటరుకు ఒక మిల్లీగ్రాము) కూడా ఉండదు. ఇంట్లో అంత శుభ్రం అక్కర్లేదు. చేపలు మాత్రమే ఉంటే 20 నుంచి 40 మధ్య ఉన్నా టెన్షన్ పడనవసరం లేదు. పగడాలుంటే 2 నుంచి 10 మధ్య ఉంచాలని చూస్తారు. మెత్తటి పగడాలు ఇంకాస్త ఎక్కువున్నా ఓర్చుకుంటాయి. కింద లెక్కలన్నీ 200 లీటర్ల ట్యాంకుకు వేశాను, మీ కొలత వేరైతే దాన్నిబట్టి మార్చుకోండి.

ట్యాంకు పెట్టి నెల కాలేదు, అప్పుడే కిట్ ఎర్రగా మండిపోతోంది

మామూలు నైట్రేట్ కిట్లు నైట్రేట్‌ని నేరుగా కొలవవు. ముందు దాన్ని నైట్రైట్‌గా మార్చి, ఆ నైట్రైట్‌తో వచ్చే రంగును చూపిస్తాయి. కొత్త ట్యాంకులో ఎలాగూ నైట్రైట్ ఉంటుంది. కిట్‌కి రెండిటికీ తేడా తెలియదు. ఉన్న నైట్రేట్ కొంచెమే అయినా, పక్కనున్న నైట్రైట్ వల్ల అంకె ఎన్నో రెట్లు పెరిగి కనిపిస్తుంది.

కాబట్టి నైట్రైట్ కిట్‌తో ముందు చూడండి. (పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, డబ్బా మీద చదివి తీసుకోండి.) నైట్రైట్ కనిపిస్తున్నంత కాలం నైట్రేట్ అంకెను నమ్మకండి, దాన్ని చూసి నీళ్లూ మార్చకండి. అమ్మోనియాని నైట్రేట్ దాకా మార్చే బ్యాక్టీరియా కుదురుకునే ఈ దశనే సైకిల్ అంటారు. అది పూర్తవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాక కూడా నైట్రేట్ 30, 50 అని చూపిస్తే అది నిజమైన అంకె, దానికి కారణమూ కళ్ల ముందే ఉంది. సైకిల్ కోసం వేసిన ప్రతి 1 పీపీఎం అమ్మోనియా చివరికి సుమారు 3.6 పీపీఎం నైట్రేట్ అవుతుంది. సీసాలోని అమ్మోనియా కొలిచి వేసినవాళ్లకు ఎంత వస్తుందో ముందే తెలుస్తుంది. పచ్చి రొయ్య పడేసి కుళ్లబెట్టినవాళ్లకు తెలియదు. మన దగ్గర రొయ్యకి కరువు లేదు కదా అని ఒకటికి నాలుగు వేసేస్తారు, నెల తర్వాత ఆ నాలుగు రొయ్యలూ నైట్రేట్ రూపంలో బయటికొస్తాయి. దీనికి సీసాలు అక్కర్లేదు. మొదటి చేపను వదిలేముందు ఒకేసారి సగం నుంచి మూడొంతుల దాకా నీళ్లు మార్చేయండి. ట్యాంకులో ప్రాణి లేనప్పుడు ఇంత ధైర్యంగా మార్చే అవకాశం మళ్లీ రాదు. బ్యాక్టీరియా ఉండేది రాళ్ల మీద, ఇసుకలో, ఫిల్టర్‌లో. నీళ్లు మారిస్తే పెద్దగా పోదు.

డామ్సెల్ చేపలు వేసి సైకిల్ చేయమని ఇంకా కొన్ని షాపుల్లో చెబుతున్నారు. వాటిని అమ్మోనియాలో నానబెట్టడం ఒక పాపమైతే, బతికి బట్టకట్టిన డామ్సెల్ తర్వాత వచ్చే ప్రతి చేపనూ తరిమి కొట్టడం ఇంకో తలనొప్పి.

పొద్దున 20, సాయంత్రం 80

నీళ్లు అంత త్వరగా మారవు. మారుతున్నది చేసే పద్ధతి. ఏపీఐ అనే కంపెనీ కిట్ చాలామంది దగ్గర ఉంటుంది కాబట్టి దాన్నే తీసుకుందాం. ఇందులో రెండో సీసా అడుగున పదార్థం గట్టిగా పేరుకుని ఉంటుంది. సీసాను బల్ల అంచుకు రెండుసార్లు తట్టి, కనీసం 30 సెకన్లు గట్టిగా ఊపితే గానీ అది లేవదు. గొట్టంలో 5 మిల్లీలీటర్ల ట్యాంకు నీళ్లు, మొదటి సీసా నుంచి 10 చుక్కలు, కదిపి, రెండో దాని నుంచి 10 చుక్కలు, ఆపైన పూర్తిగా ఒక నిమిషం ఊపడం, 5 నిమిషాలు ఆగడం. ఊపడంలో బద్ధకిస్తే అంకె తక్కువ వస్తుంది. గడియారం చూసి ఊపండి, మనసులో లెక్కపెట్టే నిమిషం నలభై సెకన్లకే అయిపోతుంది. రంగు చూసేటప్పుడు తెల్ల కాగితం ముందు, పగటి వెలుతురులో చూడాలి. ట్యాంకు నీలి లైటు కింద చూస్తే అన్నీ ఒకలాగే ఉంటాయి.

ఎరుపు ముదిరాక 40కీ 80కీ తేడా కంటికి అందదు. దానికి తేలికైన ఉపాయం ఉంది. ఒక వంతు ట్యాంకు నీళ్లకు మూడు వంతులు ఆర్‌ఓ డీఐ నీళ్లు (వడపోత పొర, ఆపైన రెజిన్ దాటిన, లవణాలు లేని నీళ్లు) కలిపి, ఆ మిశ్రమాన్ని టెస్ట్ చేసి, వచ్చిన అంకెను నాలుగుతో గుణించండి. 10 వస్తే అసలు 40, 20 వస్తే 80. అదే ఊపులో ఆ ఆర్‌ఓ డీఐ నీళ్లను విడిగా కూడా టెస్ట్ చేసేయండి. సున్నా రాకపోతే నీళ్లయినా బాగాలేవు, కిట్ అయినా పోయింది. మన ఎండాకాలంలో కిటికీ పక్క అల్మారాలో పెట్టిన కిట్లు గడువుకు ముందే పాడవుతాయి.

ఇంకో తిరకాసు. కొన్ని కిట్లు, డిజిటల్ మీటర్లు నైట్రేట్‌ని మొత్తంగా కాకుండా అందులోని నైట్రోజన్‌ని మాత్రమే చూపిస్తాయి. ఆ అంకెను 4.43తో గుణిస్తే మామూలు నైట్రేట్ అంకె వస్తుంది. "నాకు 9, నీకు 40 ఎలా?" అని స్నేహితులిద్దరు వాదించుకుంటుంటే ముందు ఇద్దరి కాగితాలూ చదవండి. రెండూ ఒకటే కావచ్చు.

వారం వారం నీళ్లు మారుస్తున్నా అంకె కదలడం లేదు

ట్యాంకులో 60 ఉందనుకుందాం. నైట్రేట్ లేని కొత్త నీళ్లతో నాలుగో వంతు మారిస్తే 45కి దిగాలి. 55 దగ్గరే ఆగిందంటే కొత్త నీళ్లలోనే దాదాపు 40 ఉన్నట్టు. లెక్క వేసి చూడండి: 60 ఉన్న పాత నీళ్లు 150 లీటర్లు, 40 ఉన్న కొత్తవి 50 లీటర్లు కలిస్తే వచ్చేది 55. ఇలా ఏడాది పొడుగునా మార్చినా 40 కిందకి రానే రాదు.

బోరు నీళ్లలో నైట్రేట్ ఉండటం వింతేమీ కాదు. పొలాల్లో వేసే ఎరువులు, సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాల్వలు, అన్నిటిదీ భూమిలోకే దారి. తాగునీటికి మన దేశపు ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తుంది. "మా బోరు నీళ్లు ల్యాబ్‌లో పాసయ్యాయి" అన్నా సరే, ఆ పాసైన నీళ్లలో మీ ట్యాంకుకు కావాల్సిన దానికంటే ఎన్నో రెట్ల నైట్రేట్ ఉండొచ్చు. కాచితే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక వేసినా, క్లోరిన్ పోగొట్టే కండిషనర్ వేసినా పోదు. కిట్‌తో కుళాయి నీళ్లను విడిగా, ఉప్పు కలిపిన బకెట్‌ను విడిగా టెస్ట్ చేయండి. ఐదు నిమిషాల పని, చాలామంది చేయని పని కూడా.

దీనికన్నా దొంగచాటుగా జరిగేది ఇంకోటుంది. ఎండాకాలంలో 200 లీటర్ల ట్యాంకు నుంచి, ఫ్యాన్ కూడా పెట్టి ఉంటే, రోజుకు మూడు లీటర్లు ఆవిరైపోవడం పెద్ద విషయం కాదు. ఆవిరయ్యేది నీరొక్కటే. ఉప్పూ నైట్రేట్ లోపలే ఉండిపోతాయి. తగ్గిన మట్టాన్ని 40 పీపీఎం ఉన్న బోరు నీళ్లతో నింపారనుకోండి, రోజుకు 120 మిల్లీగ్రాముల నైట్రేట్ పోసినట్టు. 200 లీటర్లలో అది 0.6 పీపీఎం. నెలకు 18. చేపకు ఒక్క గింజ మేత వేయకుండానే 18. నీళ్లు మార్చడానికి మాత్రం మంచి నీళ్లు తెచ్చి, రోజూ నింపడానికి చేతికందిన కుళాయి నీళ్లు వాడే ఇళ్లలో నైట్రేట్ ఎందుకు దిగదో దీన్నిబట్టి తెలిసిపోతుంది.

"మా ఇంట్లో ఆర్‌ఓ ఉంది" అనేవాళ్లు టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపేది) ఒకసారి ముంచి చూడండి. వంటింటి ప్యూరిఫయర్లలో చాలావాటికి రుచి కోసం టీడీఎస్ అడ్జస్టర్ ఉంటుంది. ఆర్‌ఓ పొర దాటని నీళ్లను కొంచెం కొంచెం మళ్లీ కలుపుతుంది అది. కలిసిన నీళ్లతో పాటు నైట్రేట్ కూడా వస్తుంది. ఆ స్క్రూ పూర్తిగా మూసేసినా పని సగమే అయినట్టు, ఎందుకంటే ఆర్‌ఓ పొర మిగతా లవణాలను ఆపినంత గట్టిగా నైట్రేట్‌ని ఆపదు. మిగిలిన దాన్ని పట్టుకోవడానికి ఆర్‌ఓ తర్వాత డీఐ రెజిన్ క్యాట్రిడ్జ్ పెట్టాలి. చివరికి మీటర్ సున్నా చూపించాలి. సున్నా నుంచి 2, 3కి ఎక్కడం మొదలైందంటే రెజిన్ అయిపోవస్తోంది, మార్చండి. మార్చకుండా సాగదీస్తే రెజిన్ అంతకుముందు పట్టుకున్నవాటినే వదలడం మొదలెడుతుంది. 20 లీటర్ల వాటర్ క్యాన్లు కూడా ఇంతే. ప్లాంటును బట్టి, ఒక్కోసారి లోడును బట్టి మారుతుంటాయి. మీటర్ పెట్టకుండా ఏ క్యాన్‌నూ నమ్మొద్దు.

విశాఖలో, కాకినాడలో ఉన్నవాళ్లకు ఇంకో ఆలోచన వస్తుంది. సముద్రం పక్కనే ఉండగా ఉప్పు కొనడం దేనికని. తీరం దగ్గరి నీళ్లలో ఊరి కాల్వలు కలుస్తాయి. వానలు పడ్డాక బంగాళాఖాతంలో నదుల నీళ్లు చేరి ఉప్పుదనం కూడా పడిపోతుంది, మనకు కావాల్సిన 35 (లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు) ఉండదు. తెచ్చుకునేవాళ్లు కాల్వలకు దూరంగా తెచ్చి, ప్రతిసారీ రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పు, కిట్‌తో నైట్రేట్ చూసుకోవాల్సిందే. దానికన్నా డీఐ నీళ్లలో అక్వేరియం ఉప్పు కలుపుకోవడమే సుఖమని నా అభిప్రాయం.

పాత నీళ్లు మొక్కలకు పోయకండి. మంచినీటి అక్వేరియం నీళ్లు పోసి పోసి అలవాటైన చెయ్యి దీన్నీ మల్లెచెట్టు మొదట్లో పోసేస్తుంది, చెట్టు ఎండిపోతుంది.

నీళ్లు మంచివే, అయినా వారానికి 10 చొప్పున పెరుగుతోంది

ఇక చూడాల్సింది మేత. మేత డబ్బా మీద ప్రోటీన్ 40 శాతం అని ఉంటుంది. ప్రోటీన్‌లో సుమారు 16 శాతం నైట్రోజన్. అంటే గ్రాము మేతలో 64 మిల్లీగ్రాములు. అదంతా నైట్రేట్‌గా మారితే 280 మిల్లీగ్రాములు దాటుతుంది, 200 లీటర్లలో 1.4 పీపీఎం. రోజుకో గ్రాము వేస్తే వారానికి 10కి దగ్గర. కొంత చేప ఒంట్లోకి, కొంత స్కిమ్మర్ (నురగతో చెత్తను లాగే పరికరం) కప్పులోకి పోతుంది కాబట్టి నిజంగా అంత రాదు. కానీ చిటికెడు అనుకుని వేసేదాన్ని ఒకసారి వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టి చూడండి. రోజు మొత్తం మేత ఒక చిన్న కాగితంలో తూచి పెట్టుకుంటే, ఇంట్లో నలుగురూ ఎవరికి తోచినప్పుడు వాళ్లు వేయడం కూడా ఆగుతుంది.

ఫ్రోజెన్ మైసిస్, బ్రైన్ ష్రింప్ వేసేవాళ్లు ఆ ఐసు ముక్కను కప్పులో కరిగించి చూడండి. రొయ్యలు అడుగుకు దిగి, పైన మురికి రంగు నీళ్లు తేలతాయి. చేపలు తినేది అడుగున ఉన్నదాన్ని. పైన ఉన్నది నేరుగా కుళ్లడానికి పనికొస్తుంది. సన్నటి టీ వడపోతలో పోసి వడకట్టి వేయండి. (వడపోత వేరేది పెట్టుకోండి, ఇంట్లో గొడవలు వద్దు.)

తర్వాత ఫిల్టర్. తెల్లటి ఫ్లాస్, షాపుల్లో దూది అంటారే, అది ముద్ద అయ్యేదాకా ఉంచితే నీళ్లు తేటగానే ఉంటాయి కానీ పట్టిన చెత్తంతా అందులోనే కుళ్లుతుంటుంది. రెండు మూడు రోజులకోసారి మార్చండి, లేదా ఉతకండి. క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట మూసిన డబ్బాలా ఉండేది) ఉన్నవాళ్లది ఇంకా కష్టం, విప్పడం పెద్ద పని కాబట్టి నెలలు దొర్లిపోతాయి. విప్పి స్పాంజిని బకెట్‌లో పిండితే కాఫీ రంగు బురద దిగుతుంది. మీ నైట్రేట్ అక్కడే తయారవుతోంది. స్పాంజిని ట్యాంకు నుంచి తీసిన పాత నీళ్లలోనే పిండండి. కుళాయి నీళ్ల క్లోరిన్ పడితే బ్యాక్టీరియా చచ్చి, నైట్రేట్ సంగతి పక్కనపెట్టి అమ్మోనియాతో తల పట్టుకోవాల్సి వస్తుంది. సైఫన్ చేసేటప్పుడు రాళ్ల వెనక మూలల్లో పేరుకున్న చెత్తను కూడా లాగండి.

స్కిమ్మర్ నైట్రేట్‌ని తీయదు. నైట్రేట్‌గా మారబోయే చెత్తను ముందే నురగతో లాగేస్తుంది. కొత్తది సరిగ్గా నురగ పట్టడానికి వారం, రెండు వారాలు పడుతుంది, కంగారుపడి స్క్రూలన్నీ తిప్పేయకండి. గొంతు లోపల జిడ్డు పేరుకుంటే నురగ పైకి ఎక్కదు, రెండు మూడు రోజులకోసారి తుడవండి.

నీళ్లు ఎంత మార్చాలన్నది దీన్నిబట్టే తేలుతుంది. వారానికి 10 పెరిగే ట్యాంకులో వారానికి 10 శాతం నీళ్లు మారిస్తే నైట్రేట్ పెరుగుతూ పెరుగుతూ 100 దగ్గర నిలబడుతుంది. 25 శాతం మారిస్తే 40 దగ్గర. పెరుగుదలనే వారానికి 3కి తగ్గించగలిగితే అదే 25 శాతంతో 12 దగ్గర ఆగుతుంది. మేతనూ దూదినీ సరిచేయకుండా బకెట్లు మోస్తే నడుం నొప్పే మిగులుతుంది.

నిన్నటిదాకా బాగానే ఉంది, ఒక్కసారిగా ఎగిరింది

చేపలు లెక్కపెట్టండి. నత్తలు కూడా. రాత్రి లైట్లు ఆర్పి టార్చితో రాళ్ల వెనక, పంపు జల్లెడ దగ్గర వెతకండి. కదలని నత్తను తీసి వాసన చూస్తే చచ్చిందీ లేనిదీ తెలిసిపోతుంది. వెంటనే అమ్మోనియా టెస్ట్ చేయండి, నైట్రేట్ తర్వాత సంగతి. ఎవరూ చనిపోలేదంటే మీరు ఊరెళ్లినప్పుడు పక్కింటివాళ్లు ప్రేమగా వేసిన మేత కావచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు రెండు మూడు రోజులు మేత లేకపోయినా ఉంటాయి. అంతకన్నా ఎక్కువ రోజులైతే రోజుకో పొట్లం కట్టి, డబ్బా బీరువాలో పెట్టి వెళ్లండి.

కిట్ సున్నా అంటోంది, రాళ్ల మీద మాత్రం పచ్చటి నాచు

రెండో సీసా ఊపలేదేమో ముందు చూసుకోండి. ఊపినా సున్నాయే అంటే, వచ్చిన నైట్రేట్‌ని వచ్చినట్టే నాచు తినేస్తోంది, నీళ్లలో కొలవడానికి మిగలడం లేదు. చేత్తో పీకి బయటపడేయండి, మేత తగ్గించండి, నాచు తినే ఇంకో పోషకం ఫాస్ఫేట్, దాన్ని కూడా చూడండి. ఇసుక మీద గోధుమ రంగు పొడిలా పరుచుకుంటే అది డయాటమ్ అనే సూక్ష్మమైన నాచు. సిలికా వల్ల కొత్త ట్యాంకుల్లో వస్తుంది, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది.

నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ నిజంగా సున్నాకు పడిపోవడం కూడా మంచిది కాదు. పగడాలు పాలిపోతాయి. బుడగలతో, చీమిడిలా వేలాడే డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు వస్తే వదిలించుకోవడం నాచు కన్నా కష్టం. అప్పుడు చేయాల్సింది మేత కొంచెం పెంచడం.

చేపలు పైకొచ్చి రొప్పుతున్నాయి

ఇది నైట్రేట్ వల్ల కాదు. 40, 50 ఉన్నంత మాత్రాన చేప రొప్పదు. కరెంటు పోయి పంపు ఆగిందా, నీళ్లు 30 డిగ్రీలు దాటాయా, అమ్మోనియా ఉందా, ఈ మూడూ చూడండి. క్యానిస్టర్ గంటల తరబడి ఆగిపోయి ఉంటే కరెంటు రాగానే అలాగే ఆన్ చేయకండి. లోపల ఆక్సిజన్ అయిపోయి కుళ్లిన నీళ్లు నేరుగా ట్యాంకులోకి వస్తాయి. విప్పి, ఆ నీళ్లు పారబోసి, ఆ తర్వాతే నడపండి. ఇన్వర్టర్ ఉంటే దాని మీద వేవ్ పంపు (నీళ్లను కదిలించేది) ఒక్కటి పెట్టినా చేపలు బతుకుతాయి.

అన్నీ చేశాను, 20 దగ్గర ఆగింది, పగడాల కోసం ఇంకా తగ్గాలి

ఇక్కడ చేతికి రెండు దారులున్నాయి. మొదటిది కీటోమార్ఫా లాంటి సముద్రపు నాచును సంప్‌లో (అక్వేరియం కింద అమర్చుకునే ఫిల్టర్ తొట్టిలో) లైటు కింద పెంచడం. అది నైట్రేట్ తిని పెరుగుతుంది. పెరిగినదాన్ని పిడికెడు పిడికెడు తీసి బయటపడేస్తేనే నైట్రేట్ బయటికి పోయినట్టు. ట్యాంకు లైటు ఆరాక రాత్రిపూట దీని లైటు వెలిగిస్తే పీహెచ్ కూడా మరీ పడిపోకుండా ఉంటుంది. ఫాస్ఫేట్ పూర్తిగా లేకపోతే ఇది పెరగదు, నైట్రేట్ దిగదు.

రాళ్లు ఎక్కువ పెడితే తగ్గుతుందా? తగ్గుతుంది, కొన్ని నెలలకు, రాయి లోపల రంధ్రాలుంటే. సముద్రం నుంచి తెచ్చిన పగడపు రాళ్లని ఎవరైనా అమ్మజూపితే మాత్రం వద్దనండి. గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. 2001 నుంచీ వాటిని తీయడం, అమ్మడం నేరం. అందుకే మన దగ్గర ఎండు రాయి, తయారు చేసిన రాయి వాడతారు. ఎండు రాయి పాతదైతే లోపలి మురికి వదులుతుంది. కొన్ని వారాలు విడి డబ్బాలో ఉప్పునీళ్లలో పంపు తిప్పి, ఆ నీళ్లలో అమ్మోనియా రావడం ఆగాకే ట్యాంకులోకి దించండి.

రెండో దారి కార్బన్ డోసింగ్. వెనిగర్ గానీ, అమ్మకానికి ఉండే నైట్రేట్ తగ్గించే ద్రవాలు గానీ పోస్తే, వాటిని తిని బ్యాక్టీరియా పెరుగుతూ నైట్రేట్‌ని లాక్కుంటుంది, ఆ బ్యాక్టీరియాను స్కిమ్మర్ లాగేస్తుంది. బాగా పనిచేస్తుంది, ఆరు నెలలు దాటని ట్యాంకులో మాత్రం నేనైతే వద్దంటాను. మంచి స్కిమ్మర్ లేకపోతే అసలే వద్దు. బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగితే నీళ్లు పాలలా తెల్లబడి ఆక్సిజన్ పడిపోతుంది. మొదలుపెడితే డబ్బా మీద రాసిన దాంట్లో సగంతో మొదలుపెట్టి, వారానికోసారి నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ చూస్తూ నెమ్మదిగా పెంచండి. పొద్దునపూటే వేయండి. కరెంటు కోత ఉంటుందని తెలిసిన రోజు ఆ డోసు మానేయండి. మర్నాడు రెండు రోజులదీ కలిపి వేయకండి.